రక్తంతో చూడని పరికరం

మా ఫిజిక్స్ సారు పోయారు. రెండు వారాల కిందట ఒక పొద్దున జనగామ నుంచి ఫోన్ వచ్చింది. సాయంత్రానికల్లా మా కంపెనీ డైరెక్టరు "మహానుభావుడు, మా పరికరానికి మార్గదర్శి" అని వాట్సాప్‌లో పెట్టాడు. సిగ్గూ శరం లేని మనిషి. సారు బతికుండగా ఆయన మాటను వెక్కిరించింది ఆ నోరే.

బచ్చన్నపేటలో సారు మాకు ల్యాబ్ చెప్పేవారు. "మీటరు సున్న చూపిస్తే ఏం లేదని కాదురా, దానికి కనపడలేదని" అనేవారు. ప్రయోగం చేయకుండా నేను రీడింగులు రాసుకొస్తే, ఆ పేజీ చించి, అందులో పల్లీలు పోసుకుని నా ముందే తినేవారు.

అలాంటి సారుకు శిష్యుణ్ణయిన నేను గుండెపోటును పట్టే పరికరం చేశాను. గుండె దెబ్బతింటే ఒక ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. దానికి విద్యుదావేశం ఉంటుంది. అది ట్రాన్సిస్టరు మీద అతుక్కుంటే లోపలి కరెంటు మారుతుంది. ఉప్పు దాదాపు లేని ద్రావణంలో బ్రహ్మాండంగా పనిచేసింది.

"రక్తంల ఉప్పుంటది గదరా. గా ఉప్పు ఛార్జిని కప్పేస్తది. మిషిన్‌కు ఎట్ల కనపడతది? రక్తంతోని చూసినవా?" అని సారు అడిగారు.

"చూశాను సార్" అన్నాను. చూడలేదు. డైరెక్టరుకు తొందర, నాకు పేరు పిచ్చి.

గూడూరులో గుండె పరీక్షల శిబిరం పెట్టి, సారును నేనే పిలిచాను. ఒక అవ్వ ఛాతీ పట్టుకుని వచ్చింది. వేలు గుచ్చి రక్తపు చుక్క వేస్తే పరికరం సున్నా చూపింది. డైరెక్టరు ఆమెతో ఫొటో దిగి, "ఏం లేదమ్మా, ఇంటికెళ్లు" అన్నాడు.

"చెమటలు కారుతున్నయి, కనపడ్తలేదా? గిట్ల పంపిస్తరా?" అన్నారు సారు.

"గిట్లనా" అని సాగదీసి నవ్వాడు డైరెక్టరు. వాడి వెనక నేనూ నవ్వాను. థూ, నాదీ ఒక బతుకేనా. సారు నన్ను ఒక్కసారి చూసి, అవ్వను ఆటో ఎక్కించి మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. గుండెపోటే. ఇంటికి పోయి ఉంటే చచ్చిపోయేదన్నాడట డాక్టరు.

సారు నన్ను తిట్టలేదు. "రక్తంతోని మళ్ల చెయ్" అని మాత్రం అన్నారు. అప్పటినుంచి చేస్తూనే ఉన్నాను, ఇంకా కుదరలేదు.

సారు దినాలకు వెళ్తే, డైరెక్టరు సారు ఫొటో పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. గూడూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఆ అవ్వ మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"నువ్వేనా బిడ్డా, గా మిషిన్ చేసింది?"

తల ఊపాను. తిడుతుందనుకున్నాను, తిట్టాలి కూడా.

"మళ్ల మంచిగ చేస్తున్నవని సారు చెప్పిండు. తెచ్చినవా? జర చూడు" అని వేలు చాపింది.

నా దగ్గర ఏమీ లేదు. ఆ వేలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.