పండలేదని రాయమన్న పెద్దమ్మగారు

పెద్దమ్మగారు పోయారని మా పీహెచ్‌డీ గైడుగారు ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను యూనివర్సిటీ ల్యాబ్‌లో మట్టి తూస్తున్నాను. "తెల్లవారుజామున నిద్రలోనే పోయారటమ్మా. పామర్రు బయల్దేరుతున్నాను, వస్తావా?" అన్నారాయన. వస్తానండీ అన్నాను. ఫోన్ పెట్టేసి, సగం తూచిన మట్టిని మళ్ళీ మొదటి నుంచి తూచాను. మిగిలిన డబ్బాలు కూడా తూచి, మూతలు పెట్టి, చేతులు కడుక్కుని అప్పుడు బయటికి వచ్చాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

మీకు ఆవిడ తెలిసే అవకాశం లేదు. నాకూ చుట్టం కాదు. మాది విజయవాడ వన్‌టౌన్, మా నాన్న టైలరు. ఆవిడది పామర్రు దగ్గర పొలాలూ రైసు మిల్లూ ఉన్న కుటుంబం. ఊరంతా పెద్దమ్మగారనే పిలిచేవారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను.

ఉప్పు తేలిన నేలలో వరి ఎలా నిలబడుతుందన్నది నా పీహెచ్‌డీ. మధ్యలో నాకు వచ్చే ఫెలోషిప్ ఆగిపోయింది. గన్నవరం రోడ్డులో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి ఒప్పేసుకున్నాను. చేరేముందు ఒక్కసారి ఈవిడని చూద్దువుగాని రమ్మని గైడుగారు తీసుకెళ్ళారు. యూనివర్సిటీలో చాలామంది పిల్లల ఫీజులు, హాస్టల్ ఖర్చులు ఆవిడే చూస్తున్నారని దారిలో చెప్పారు.

పెద్దమ్మగారు వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. "ఇదంతా చేశాక ఏం తేలుతుందమ్మాయ్?"

"ఏమీ తేలకపోవచ్చు కూడానండీ" అన్నాను. ఉద్యోగం ఎలాగూ ఉందిలే అన్న ధైర్యం. గైడుగారు నావైపు చూశారు.

"తేలకపోతే ఏం చేస్తావు?"

"ఎందుకు తేలలేదో చూడాలండీ."

"సరే అయితే. చూడు" అన్నారావిడ.

ఆ ఉద్యోగంలో చేరలేదు. ఆ నెల నుంచి నా ఫెలోషిప్ ఆవిడ యూనివర్సిటీకి ఇచ్చిన నిధిలోంచి వచ్చింది. అంతకంటే పెద్దది ఇంకొకటి ఇచ్చారు. కాలువ శివారున, నీళ్ళు అందరికీ అయ్యాక అందే చోట, ఆవిడకి కొంత పొలం ఉంది. ఎండాకాలం నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. చుట్టుపక్కలవాళ్ళు ఎప్పుడో రొయ్యల చెరువులు తవ్వేశారు. ఆ పొలం నా మడులకి వదిలారు. కోతలయ్యాక నేనే వచ్చి, ఏం జరిగిందో తెలుగులో చెప్పాలి. అదొక్కటే షరతు.

మొదటి ఏడు ఊడ్చిన నారు ఎర్రబడి చచ్చింది. తరువాతి ఏడు కంకులు వేసింది గానీ అన్నీ తాలు. గుప్పెడు కంకులు సంచిలో వేసుకుని వెళ్ళాను. ఆరోజు ఆవిడ మరిదిగారు అక్కడే ఉన్నారు. మంచి మనిషే. పొలం మీద రాబడి పోతోందని ఆయన బాధ.

"వదినా, చెరువుకి లీజు అడుగుతున్నారు. ఈ అమ్మాయి చదువుకి సాయం చేద్దాం, కాదనను. పొలం ఎందుకు పాడు పెట్టుకోవడం?"

ఆవిడ ఒక కంకిని అరచేతిలో నలిపి ఊదారు. పొట్టు ఎగిరిపోయి చేతిలో ఏమీ మిగల్లేదు. ఇక అయిపోయిందనుకున్నాను.

"పండలేదని రాస్తావా, దాచేస్తావా?" అని నన్నడిగారు.

"రాస్తానండీ."

"రాయి. ఇంకొకళ్ళు మళ్ళీ ఇక్కడే తడుముకోకుండా ఉంటారు." తరువాత మరిదిగారితో, "చెరువు తవ్వాక అది మళ్ళీ పొలం అవదు నాయనా. ఉండనీ" అన్నారు. ఆయన భోజనం చేయకుండానే వెళ్ళిపోయారు.

ఆ పై ఏడు ఒక రకం నిలబడింది. మంచి నేలలో పండేదానికి సగం కూడా లేదు, కానీ గింజ గట్టిపడింది. ఆ బియ్యం వండి నాకూ వడ్డించారు. ఒక ముద్ద తిని, "రుచేమీ లేదు. తినొచ్చు, అంతే" అన్నారు. నా థీసిస్ గురించి ఎవరూ అంత సూటిగా చెప్పలేదు.

ఇలాంటివే గుర్తొస్తున్నాయి, ఒక వరసలో రావడం లేదు. రంజాన్ నెలలో వెళితే అలవాటుగా మజ్జిగ తెచ్చి, నాకు ఉపవాసమని గుర్తొచ్చి, గ్లాసు లోపలికి తీసుకెళ్ళిపోయేవారు. ఎవరైనా దండం పెట్టబోతే, "ముందు పరీక్షలు రాయండి" అనేవారు. ఎందుకు ఇస్తారని ఒకసారి అడిగాను. పెళ్ళికి ముందు విజయవాడలో బీఎస్సీలో చేరి మధ్యలో మానేశారట. "నాకు ప్రాక్టికల్స్ అంటే ఇష్టం. థియరీ రాదు" అన్నారు.

నేను అదే యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఒకరోజు ల్యాబ్‌కి వచ్చారు. పొలం నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూస్తున్నాను. "నేను తిప్పుతాను, జరుగు" అని బ్యూరెట్ పట్టుకున్నారు. చుక్కచుక్కగా ద్రావణం వదులుతూ, కింద ఫ్లాస్కులో పసుపు రంగు నీళ్ళు ఇటుక రంగుకి తిరగ్గానే ఆపాలి. ఆపేలోపే రంగు ముదిరిపోయింది. "దాటించేశాను. మళ్ళీ పొయ్యి" అన్నారు. రెండోసారి సరిగ్గా ఆపారు. ఆపిన చోటే నిలబడి, ఫ్లాస్కుని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశారు.

పామర్రులో హాల్లో ఫ్రీజర్ బాక్సు పెట్టారు. ఆవిడ చదివించినవాళ్ళం గోడ పక్కన నిలబడ్డాం. ఒకళ్ళకొకళ్ళం తెలియదు. ఏం మాట్లాడాలో తోచక, మీది ఏ సబ్జెక్టండీ అని ఒకళ్ళనొకళ్ళం అడిగాం. నిధి యూనివర్సిటీ దగ్గరే ఉంది కాబట్టి ఫెలోషిప్‌లు ఆగవని గైడుగారు అందరికీ చెప్పారు. అందరం తలలూపాం.

మరిదిగారు నా దగ్గరికి వచ్చారు. "ఈ పంట కోసేదాకా పొలం జోలికి ఎవరూ రారమ్మా. ఆ తరువాత మా ఇంటి పిల్లలేమంటారో చూడాలి. నేనైతే ఉండనీ అనే చెబుతాను" అన్నారు. ఆయన నోట ఆ మాట విని కూడా నాకేమీ అనిపించలేదు. అలాగేనండీ అన్నాను.

దహనం అయ్యాక నేను ఇంటికి వెళ్ళలేదు, పొలానికి వెళ్ళాను. ఇప్పుడు ఆ ఫెలోషిప్ మీద చదువుతున్న అమ్మాయి గట్టు మీద కూర్చుని ఉంది. ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చుట్టూ చెరువుల్లో రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి.

"మేడమ్, ఇవాళ కూడా శాంపిల్ తియ్యాలా?"

"తియ్యి."

ఆ అమ్మాయి ప్యాంటు మడుచుకుని మడిలోకి దిగి, ఖాళీ సీసాని నీళ్ళలో ముంచింది. సీసా నిండేదాకా బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తూనే ఉన్నాయి.