మిలాన్ గారి ఇరవై సెకన్లు

సింగపూర్‌లో పాయా లేబర్ దగ్గర, చిన్న చిన్న తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో నూడుల్స్ పక్కన వెనిగర్‌లో ఊరిన పచ్చిమిరపకాయలు పెడతారు. ఆ ఘాటుకి అందరికీ ఆకలేస్తుంది. నాకు మిలాన్ గారు గుర్తొస్తారు. పాత ఫిల్మ్ రీళ్లు పాడైతే ఇదే వాసనట. "నా మొదటి సినిమా ఇప్పుడు ఇలా ఉంటుంది" అని మిరపకాయ నములుతూ చెప్పారాయన.

ఆయన స్లొవాకియా దర్శకుడు, రచయిత. ఆ సినిమాను అక్కడి ప్రభుత్వం నిషేధించి ఇరవై ఏళ్లు బీరువాలో దాచింది. బయటికొచ్చేసరికి అందులోని ప్రేమికులకు పెళ్లీడు పిల్లలున్నారు. ఈలోగా ఆయన బొమ్మలాటల సినిమాలకు కథలు రాసి బతికారు. "బొమ్మల్ని ఎవరూ అనుమానించరు" అనేవారు. ఐటీ ఊపులో కూతురికి సింగపూర్‌లో ఉద్యోగమొస్తే వెంట వచ్చి, మా కంపెనీలో కార్మికుల భద్రతా పాఠాల సీడీలు తీయడానికి చేరారు. దాన్ని ఎదుగుదల అని నేనూ అనలేను. ఆయన తీసింది కంప్యూటర్‌లో కత్తిరించి అతికించడం నా పని.

ఒకరోజు ఊరి చివర క్రాంజీలో ఉన్న కార్మికుల డార్మిటరీకి వెళ్లాం. కెమెరా తీసే ముందు ఆయన అలవాటుగా గంటసేపు ఊరికే కూర్చున్నారు. తర్వాత నిజామాబాద్ వెల్డర్ మల్లేశ్ హెల్మెట్ తీసి, నుదుటి మీది గాడిని తడుముకుంటూ ఎటో చూస్తుంటే ఇరవై సెకన్లు తీశారు.

"నేనేం చేస్తలేను కదన్నా, ఏం తీస్తుండు?" అని మల్లేశ్ నన్నడిగాడు. నాకూ అదే సందేహం.

అంతకుముందు రాసిన కంప్యూటర్ ప్రోగ్రాముల్లో పనికిరాని వరుసలు తీసేయడం అలవాటైన చెయ్యి నాది. ఆ ఇరవై సెకన్లూ తీసేసి, గర్వంగా చూపించాను.

"మా దేశంలో ఈ పనికి ఏడుగురి కమిటీ కూర్చునేది," అన్నారాయన. "నువ్వొక్కడివే చేశావు. సమర్థుడివి." తిట్టినా బాగుండేది. తెర చూపిస్తూ, "హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో ఉంది. ఎవరి తల కోసమో ఎక్కడుంది?" అన్నారు.

ఆ సాయంత్రమే తిరిగి అతికించాను. మర్నాడు మా మేనేజర్, హైదరాబాదీ ఖాదర్ భాయ్, సరిగ్గా అక్కడే తెర మీద వేలు పెట్టారు. "ఏం మియా, ఇక్కడ ఏమైతలేదు. హ్యాంగయిందా?"

వెనక కుర్చీలో మిలాన్ గారు బీరువా తలుపు పడే చప్పుడు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు.

"అది కదిపితే మిగతాది నడవదు భాయ్," అన్నాను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఏమైపోతాయోనని వణికే రోజులవి. నడుస్తున్నదాన్ని ముట్టుకునే మేనేజర్ లేడు. "అయితే వద్దు, వద్దు," అన్నారు ఖాదర్ భాయ్.

ఏం చెప్పానో బయటికొచ్చాక మిలాన్ గారికి ఇంగ్లీషులో చెప్పాను. "మా కమిటీ గదిలో నీలాంటివాడు ఒక్కడూ లేకపోయాడు," అన్నారు.

ఇప్పుడు నేనూ మేనేజర్నే. మా వాళ్లు దేన్నైనా అనవసరమని తీసేయబోతే ఇరవై లెక్కపెట్టమంటాను. చాదస్తం అనుకుంటారు. చాలాసార్లు లెక్క పూర్తిచేసి మరీ తీసేస్తారు. ఎప్పుడో ఒకసారి, పద్దెనిమిది దగ్గర, ఎవరో ఒకరు చెయ్యి వెనక్కి తీసుకుంటారు.