చెయ్యి నిటారుగా లేస్తే

మా చెల్లెలి కూతురికి చిన్నప్పటి నుంచీ నీళ్ళ పిచ్చి. స్పోర్ట్స్ హాస్టల్లో చేరి కయాక్ తోలడం నేర్చుకుంది, ఒక్కరే కూర్చుని తెడ్డేసే సన్నటి పడవ. ఇప్పుడు ఎక్కడో ఉత్తరాదిన కొండ నదుల్లో జనానికి నేర్పుతోంది. అదే దాని ఉద్యోగం. ఊళ్ళో చెబితే "పడవ తోలితే జీతమిస్తారా?" అని నవ్వుతారు. నేనూ నవ్వినవాణ్ణే.

మొన్న వానాకాలంలో సెలవు పెట్టి వచ్చింది, పసుపుపచ్చ కయాక్‌ని ఆటో మీద కట్టించుకుని మరీ. దూరం నుంచి చూసి పెద్ద దోసకాయ అనుకున్నాను. మాచర్ల అవతల, కొండల్లోంచి దిగే మా వాగు అప్పటికి వారం నుంచీ నిండుగా పారుతోంది. వేసవిలో మేకలు నడిచే వాగు అది. వాన పడితే మాత్రం నాపరాతి బండల మీంచి నాలుగు మెట్లుగా దూకి, కింద మడుగులో పడుతుంది. ఆ మెట్లు కయాక్ మీద దిగాలని దాని పంతం. ఇంతవరకూ ఎవరూ దిగలేదట. ఎందుకు దిగుతారు, పనిలేకనా?

మా చెల్లెలు లబలబలాడింది. "మొసళ్ళుంటయ్యే!"

"మొసళ్ళుండేది ఎత్తిపోతల కాడమ్మా. ఇక్కడ కప్పలుంటయ్," అంది పిల్ల.

తోడు రావాల్సిన దాని స్నేహితురాలికి జ్వరం తగిలింది. ఒడ్డున తాడు పట్టుకుని ఒక మనిషి నిలబడకుండా నీళ్ళలోకి దిగకూడదని వాళ్ళ నియమం. దాని చూపు నా మీద పడింది. "మావయ్య ఉన్నాడుగా. క్రేన్‌నే ఆడించే మనిషి," అంది.

మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "అన్నా, నీ మీద భారమేసి పంపుతున్నా. తీసకపోయినదాన్ని తీసకపోయినట్టే తీసకరా."

నేను నాపరాతి క్వారీలో మేస్త్రీని. ముప్పై ఏళ్ళ నుంచీ అదే పని. గుంతలోంచి రాయి లేపేటప్పుడు కింద ఏం జరుగుతోందో క్రేన్ డ్రైవర్‌కి కనపడదు, ఆ మోతలో మాట వినపడదు. నా చెయ్యి చూసే అతను పని చేస్తాడు. అరచెయ్యి కిందికి పెట్టి మెల్లగా ఆడిస్తే దించమని. చెయ్యి నిటారుగా లేస్తే ఆపమని. వేరేచోట్ల ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, మా క్వారీలో మాత్రం అంతే.

పొద్దున్నే వాగు దగ్గరికి చేరాం. పిల్ల వెంటనే దూకుతుందనుకున్నాను. లేదు. రెండు గంటలసేపు ఒడ్డు వెంట పైకీ కిందికీ తిరిగింది. పుల్లలు విరిచి నీళ్ళలో వేసి, అవి ఎటు పోతున్నాయో, ఎక్కడ మునుగుతున్నాయో చూసింది. రాయి పగలగొట్టే ముందు మా పాత మేస్త్రీలు వేలితో పొర తడిమేవాళ్ళు, అంత ఓపిక. అదిగో, అప్పుడు మొదటిసారి నాకు దాని మీద గౌరవం పుట్టింది.

"బండలకి భయంలేదు మావయ్యా. అడ్డంపడ్డ చెట్టుకే భయం. కొమ్మల సందున నీళ్ళు దూరతయ్, మనిషి దూరలేడు. అక్కడే నొక్కేస్తది," అంది.

తర్వాత నా చేతికి ఒక కర్ర ఇచ్చింది. "ఇది నిటారుగా లేపితే దారి బాగుంది, రా అని. నెత్తి మీద అడ్డంగా పట్టుకుంటే ఆగు అని. ఏదీ, చెప్పు?"

"నాకే పాఠాలా? పోవే!" అన్నాను.

"దిగేటప్పుడు పోవే అనకూడదు, పోయిరా అనాలి," అని నాకే బుద్ధి చెప్పి పైకి వెళ్ళింది. నేను తాడు సంచీతో మూడో మెట్టు పక్కన నిలబడ్డాను.

మొదటి మెట్టు రెండు నిలువుల ఎత్తు. అంచు మీద కయాక్ ముక్కు కనపడింది, వంగింది, నురగలో మాయమైంది. నేను ఊపిరి పీల్చేలోపు అవతల తేలింది. "నీ అసాధ్యం కూలా!" అని ఒక్కణ్ణే అరిచాను. రెండో మెట్టు రెండు బండల నడుమ వంకర తిరిగి పడుతుంది. అక్కడ అది నీళ్ళతో కొట్లాడలేదు. తెడ్డు ఇటొకసారి, అటొకసారి, అంతే. నీళ్ళే మోసుకొచ్చాయి, ఎటు పోవాలో మాత్రం అది చెప్పింది. దిగి, ఒక పెద్ద బండ చాటున నిలకడ నీళ్ళలో ఆగి, నా వంక చూసింది. ఎత్తుకుని తిప్పిన పిల్లేనా ఇది అనిపించింది.

సరిగ్గా అప్పుడు, నా పక్కనే వచ్చి కలిసే పిల్లవాగులోంచి ఒక తుమ్మచెట్టు వేళ్ళతో సహా కొట్టుకొచ్చి మూడో మెట్టు నోట్లో అడ్డంగా ఇరుక్కుంది. సగం నీళ్ళ కిందే ఉంది. పైనున్న పిల్లకి నురగ తప్ప ఏమీ కనపడదు.

ఆపాలి. కర్ర నిటారుగా లేపాను.

పిల్ల బండ చాటు నుంచి బయల్దేరింది.

"ఆగవే! చెట్టే!" అని అరిచాను. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? అది వస్తున్నకొద్దీ నేను మునివేళ్ళ మీద లేచి కర్ర ఇంకా పైకెత్తాను. మొద్దుమొహం, ఎందుకు వస్తోందని తిట్టుకున్నాను కూడా. దాని మొహంలో బెదురు లేదు, నా కర్ర వంకే చూస్తూ వస్తోంది. అప్పుడు వెలిగింది నాకు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్నట్టు, నేను క్వారీ సైగ చేస్తున్నాను. పిల్లని నేనే చెట్టులోకి పిలుస్తున్నాను.

పై ప్రాణాలు పైనే పోయాయి. కర్ర నెత్తి మీద అడ్డం తిప్పాను. అది చూసింది. తెడ్డు నీళ్ళలో గుచ్చి ఒక్క తిప్పు తిప్పి, నాలుగు తోపుల్లో నా ఒడ్డు బండ మీదికి కయాక్ ముక్కు ఎక్కించింది. తోకని నీళ్ళు లాగుతున్నాయి. తాడు విసిరాను, పట్టుకుంది. మిగతాది నా భుజాలకి తెలిసిన పనే, లాగేశాను.

చెట్టుకీ దానికీ మధ్య బారెడు నీళ్ళు.

"రమ్మన్నావుగా మావయ్యా?" అంది రొప్పుతూ.

"ఆగమన్నానే. మా క్వారీలో అదే ఆగమని." కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి.

అది చెట్టు వంక చూసింది. "నురగ తేడాగా ఉందని నాకూ అనిపించింది. మావయ్య రమ్మంటున్నాడు గదా అని వచ్చా."

ఎవరి మీద అంత నమ్మకం పెట్టుకుందో చూడండి.

"ఇంక చాలు, ఇంటికి పోదాం. నా చెయ్యి నమ్మబాకు," అన్నాను.

"నీ చెయ్యి చూసి పని చేసినోళ్ళకి ఎప్పుడన్నా దెబ్బ తగిలిందా?"

"ఇంతవరకూ లేదు."

"మరి తప్పు నాదే. నా సైగలు నీకు నేర్పా, నీ సైగలు అడగలా. చెప్పు, దించమనటానికి ఏంది?"

చూపించాను. అది రెండుసార్లు చేసి చూసుకుని, కయాక్ భుజాన వేసుకుని, చెట్టున్న మెట్టు దాటి నాలుగోదాని పైన నీళ్ళలోకి దిగింది. నేను నాలుగో మెట్టు అంచున నిలబడి ఒకటికి మూడుసార్లు నీళ్ళు చూశాను. అప్పుడు అరచెయ్యి కిందికి పెట్టి, రాయి అంచు చిట్లకుండా దించేటప్పటి మల్లే మెల్లగా ఆడించాను. ఈసారి "పోయిరా తల్లీ" అన్నాను.

వచ్చింది, వంగింది, మాయమైంది. నా చెయ్యి ఆడుతూనే ఉంది. మడుగు నడుమ పసుపుపచ్చగా తేలి, తెడ్డు నిటారుగా లేపింది.

దిగబోయిన నా కాళ్ళు టక్కున ఆగిపోయాయి. అది చూసి విరగబడి నవ్వింది. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, అరచెయ్యి కిందికి తిప్పి మెల్లగా ఆడించింది.

బండలు పట్టుకుని, ఒక్కో అడుగూ దిగాను.