ఫోన్‌లో చదివిన అక్షరాలు

నలభై దాటాకే నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి. ఆ తర్వాత బ్రిస్బేన్‌లో ఇంగ్లీషు నేర్చుకున్నాను. 1990ల మొదట్లో అక్కడి ఒక ఆస్పత్రి వంటగదిలో చేరాను. ఏ రోగికి ఏ భోజనమో కంప్యూటర్‌లో చూసి చెప్పడం నా పని.

ఒక సోమవారం పొద్దున కంప్యూటర్ ఒక్క పేరూ చూపించలేదు. ఫైలు తెరవడానికి అనుమతి లేదంటోంది. సూపర్‌వైజర్ సెలవులో ఉంది. మధ్యాహ్నంలోపు అది తెరుచుకోకపోతే షుగరున్నవాళ్ళెవరో, ఎవరికి ఏది పడదో తెలియదు. భయపడుతూ కంప్యూటర్ విభాగానికి ఫోన్ చేశాను.

నా పేరు వినగానే అవతలి మనిషి తెలుగులోకి మారారు. హైదరాబాద్ ఆయన, పేరు రహీమ్. ఆయన చెప్పినట్టు కొడితే తెర నిండా అక్షరాలు వచ్చాయి.

"ఏమొచ్చిందో చదవండి ఆంటీ."

"రోజూ చూసే పేర్లు తప్ప నాకు ఇంగ్లీషు చదవడం అంతగా రాదు బాబూ. ఇంకెవరినైనా పిలవనా?"

"ఎందుకు ఆంటీ, మీరున్నారు కదా. అవి మాటలు కావు, ఎవరైనా ఒక్కో అక్షరమే చదవాలె. పరేషాన్ కాకండి, నేను లైన్లోనే ఉంటా."

తెర మీద వేలు పెట్టి ఆర్, డబ్ల్యూ, గీత అంటూ చదివాను.

"దొరికింది ఆంటీ. నిన్న సర్వర్ మార్చినప్పుడు ఫైళ్ళన్నీ మా పేరు మీదనే ఉండిపోయినయ్. మీ కిచెన్ పేరు మీదికి మార్చాలె. తప్పు మాదే."

ఆయన చెప్పిన ఒక్కో అక్షరం కొట్టి, తిరిగి చదివి వినిపించాను. రోగుల పేర్లన్నీ వచ్చాయి. భోజనాల బళ్ళు వేళకే కదిలాయి.

రహీమ్ గారిని నేనెప్పుడూ చూడలేదు. ఫోన్ మరొకరికి ఇమ్మంటే ఆయన పని త్వరగా తెమిలేది. అలా అనలేదు కాబట్టే ఆ తర్వాత నలుగురి ముందు చదవడానికి నేను వెనకాడలేదు.