ముంజేతి మీద రెండు దెబ్బలు

మా ఆవిడ ఐర్లండ్‌లోని అత్లోన్‌లో నర్సు. పగలంతా పేషెంట్లకు కట్లు కడుతుంది. వారానికి రెండు సాయంత్రాలు తనే శిరస్త్రాణం కట్టుకుని, వెదురు కత్తి పట్టి కెండో అనే జపాన్ కత్తిసాము ఆడుతుంది. నేను మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరుని. నా చేతికి దక్కిన ఏకైక ఆయుధం గరిటె.

రెండేళ్లలో ఆమె ఒక్క పోటీ కూడా గెలవలేదు. "నలభై ఐదు నిండేలోపు ఒక్కటి గెలిస్తే చాలండీ," అనేది. ఆ ఒక్కదాని కోసమే డబ్లిన్ పక్కన క్లాండాల్కిన్‌లో ఒక స్పోర్ట్స్ హాలుకి వెళ్లాం. ప్రత్యర్థి మా ఆవిడ కన్నా జానెడు పొడుగు.

పోటీ సగంలో మా ఆవిడ అరుస్తూ దూకి, ప్రత్యర్థి ముంజేతి మీద టప్పున కొట్టింది. ముగ్గురు జడ్జీలూ ఎర్ర జెండాలెత్తారు. అంటే పాయింటు మాదే. నేనూరుకోగలనా? క్రికెట్ చూసి పెరిగిన ప్రాణం. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను. అది విని ఆమె ఇటు తిరిగి పిడికిలెత్తింది.

జడ్జీలు దగ్గరికి చేరి ఏదో మాట్లాడుకున్నారు. పెద్దాయన జెండాలు దించి అడ్డంగా ఊపాడు.

"ఏమైంది?" అని పక్కనున్న ముసలాయన్ని అడిగాను.

"పాయింటు పోయింది. కొట్టి సంబరపడితే ఎదుటి మనిషిని చిన్నబుచ్చినట్టు."

ఈ సంగతి మా ఆవిడ ముందురోజే చెప్పిందట, నేను తలూపానట. తలూపడంలో నాకు చాలా అనుభవం. వినడంలోనే ప్రాక్టీసు తక్కువ.

ఇంకా నలభై సెకన్లే ఉన్నాయి. ఆమె వాదించలేదు, నావైపు చూడనూ లేదు. నేనైతే ఈపాటికి జడ్జీలకు ఈమెయిలు రాస్తుండేవాణ్ని. గీత దగ్గరికొచ్చి కత్తి నిలిపింది. మళ్లీ అదే అరుపు, అదే ముంజేయి. జెండాలు లేచాయి. ఈసారి ఆమె కత్తి మొన ప్రత్యర్థి వైపే ఉంచి కదలకుండా నిలబడింది. టైమైపోయింది. ఇద్దరూ వంగి నమస్కరించుకున్నారు.

శిరస్త్రాణం విప్పుతుంటే దగ్గరికెళ్లి, "గెలిచావే!" అన్నాను.

"ష్! ఆవిడ ఇక్కడే ఉన్నారు. కాస్త ఆగండి."

ఆగింది. పార్కింగులో ఆవిడ కారు మలుపు తిరిగేదాకా ఆగింది. ఆ తర్వాత మా కారులో ఆమె పెట్టిన కేకకు పక్క కారాయన అద్దం దించి, "ఆర్ యూ గ్రాండ్ దేర్?" అంటూ, బాగానే ఉన్నారా అని నన్నే జాలిగా అడిగాడు.