మా మావయ్య తాళం

మా మావయ్యకు మనుషుల మీద నమ్మకం లేదు. ఈ మాట నేనంటున్నది కాదు. కొందరు తమ బీపీ సంగతి చెప్పుకున్నట్టు ఆయనే అందరికీ చెప్పుకునేవాడు. అత్తయ్య బజారు నుంచి వచ్చి తలుపు తట్టి "నేనే" అంటే, లోపలి నుంచి "నేనంటే ఎవరు?" అనేవాడు. అంతకాలం కాపురం చేశాక కూడా ఆవిడ పూర్తి పేరు చెబితే గానీ గడియ తీసేవాడు కాదు. ఆఫీసులో పెన్నుకు దారం, దారానికి మేకు. మేకును ఎవరైనా పీక్కుపోతారేమోనని దాని చుట్టూ సిమెంటు.

ఆఫీసంటే సైకిళ్ల షాపు పైన ఒకే ఒక గది. కింద టైర్లకు గాలి కొట్టే చప్పుడు, పైన ప్రింటరు కీచుకీచు. కంప్యూటరుకు అత్తయ్య పాత కర్టెను గుడ్డతో కుట్టిన పువ్వుల ముసుగు. మావయ్య అక్కడ కూర్చుని షాపులవాళ్లు బిల్లులు కొట్టుకునే ప్రోగ్రాం రాసి అమ్మేవాడు. చదువైపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నానని అమ్మ నన్ను ఆయన దగ్గర పనిలో పెట్టింది. నా పని ఫోనెత్తడం, తిట్లు తినడం.

తిట్లన్నీ తాళం గురించే. ఫ్లాపీలో ఉండే ప్రోగ్రామును ఎవరైనా ఇట్టే కాపీ చేసుకోవచ్చు. అందుకని మావయ్య ప్రోగ్రాంతో పాటు ఒక లావుపాటి పుస్తకం ఇచ్చేవాడు. కంప్యూటరు పెట్టగానే తెర మీద ప్రశ్న వచ్చేది: 'ఇరవై మూడో పేజీ, ఐదో వరుస, రెండో మాట ఏది?' పుస్తకం తీసి, ఆ మాట చూసి కొట్టాలి. పెట్టిన ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న. కింద ఎర్రగా హెచ్చరిక: 'తప్పు చెబితే మీ లెక్కలు శాశ్వతంగా మూతపడును.' పుస్తకం కొన్నవాళ్ల దగ్గరే ఉంటుంది గనక దొంగ కాపీ తెచ్చుకున్నవాడు అక్కడే ఆగిపోవాలని ఏర్పాటు.

అంత లావు పుస్తకం నింపడానికి ప్రోగ్రాం కబుర్లు చాలలేదు. దాంతో మావయ్య తన అభిప్రాయాలు కూడా రాసేశాడు. బిల్లు రద్దు చేయడమెలా అనే అధ్యాయం మధ్యలో, గొడుగు అడిగి తీసుకెళ్లి తిరిగివ్వనివాళ్ల మీద పేజీన్నర. సరుకు నిల్వల అధ్యాయంలో తన తోడల్లుడి గురక.

మందుల షాపు అక్కయ్య కౌంటరు దగ్గర కూర్చుని "ఏమండీ, ముప్ఫయ్యో పేజీ, మొదటి మాట" అని కేకేస్తే, లోపలి గదిలోంచి వాళ్లాయన "గురక" అని కేకేసేవాడు. మందుల కోసం నిలబడ్డ పెద్దాయనొకడు "నాకూ అదేనమ్మా, మీ దగ్గర మందుందా?" అన్నాడట.

కళ్లజోళ్ల షాపాయన మాత్రం నవ్వేవాడు కాదు. రోజూ షాపు తెరవగానే ఫోను.

"అమ్మాయ్, మీ మావయ్యకివ్వు."

"లేరండీ." మావయ్య ఎదురుగా కూర్చుని, లేనని చెయ్యూపుతుండేవాడు.

"అయితే నువ్వే విను. డబ్బిచ్చి కొన్నది నేను. రోజూ పరీక్ష రాసేదీ నేనేనా? ఎదురు షాపువాడు ఎవరి దగ్గరో ఊరికే కాపీ తెచ్చుకున్నాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. పొద్దున్నే మీట నొక్కి హాయిగా బిల్లులు కొట్టుకుంటున్నాడు. ఇదెక్కడి న్యాయం?"

ఆయనన్నది నిజమే. ఊళ్లో కంప్యూటరు విద్య నేర్చిన కుర్రాడొకడు నానా తంటాలు పడి, ప్రశ్న అడగని కాపీ తయారుచేసి పంచిపెట్టాడు. ఇక మావయ్య పుస్తకం మోసుకు తిరిగేది డబ్బిచ్చినవాళ్లే.

"మావయ్యా, దొంగలు సుఖపడుతున్నారు, కొన్నవాళ్లు ఏడుస్తున్నారు. ఆ తాళం పీకెయ్యి" అన్నాను.

"పీకితే?"

"అందరూ సుఖపడతారు."

"నీకు మనుషుల సంగతి తెలీదు" అని ఆయన కంప్యూటరు మీదికి ముసుగు లాగేసి భోజనానికి లేచాడు. మెట్లు దిగుతూ నా చేతిలో ఉన్నది ఆఫీసు పెన్ను కాదు కదా అని ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

ఆ ఏడు వానల్లో మావయ్యకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. ఆపరేషనుకు ముందు, తీసిన రాళ్లు తనకే చూపించాలని డాక్టరు దగ్గర మాట తీసుకున్నాడు. ఆయన్ను లోపలికి తీసుకెళ్లారని అత్తయ్య కబురు చెప్పిన రెండు గంటలకు ఆఫీసులో ఫోను మోగింది. మందుల షాపు అక్కయ్య.

"కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరు మళ్లీ ప్రశ్న అడుగుతోంది. ఇందాక కప్పు కారి మీ పుస్తకం ముద్దయిపోయింది. మొన్ననే షాపంతా కొత్త అరల్లోకి సర్దాం. ఏ మందు ఎక్కడుందో ఆ కంప్యూటరుకే తెలుసు. ఆయాసంతో ఉన్న పిల్లను ఎత్తుకుని వాళ్లమ్మ ఎదురుగా నిలబడింది. మేమంతా అరలు వెతుకుతున్నాం. నలభై ఒకటో పేజీ, ఏడో వరుస, రెండో మాట, తొందరగా చెప్పు."

ఆఫీసు పుస్తకం తీశాను. చెప్పబోయి ఆగాను. కొత్త ముద్రణలో అప్పడిగే స్నేహితుల మీద మావయ్య ఒక అధ్యాయం కలిపాడు. పేజీలన్నీ జరిగిపోయాయి. అక్కయ్య దగ్గరున్నది పాతది. నేను తప్పు మాట చెబితే ఆవిడ షాపు లెక్కలు శాశ్వతంగా మూతపడతాయి.

ఆసుపత్రి రెండు వీధుల అవతలే. వానలో పరుగెత్తాను. మావయ్యను అప్పుడే వార్డులోకి తెచ్చారు. మత్తు ఇంకా దిగలేదు.

"మావయ్యా."

"ఎవరు?"

"నేను. నీ మేనకోడల్ని."

"ఏ మేనకోడలివి?"

"నీకున్నది ఒక్కత్తినే మావయ్యా. పాత పుస్తకం, నలభై ఒకటో పేజీ, ఏడో వరుస, రెండో మాట. మందుల షాపులో పిల్లకు ఆయాసం."

ఆయన కళ్లు తెరవకుండానే "ఏదో ఒకటి కొట్టమను" అన్నాడు.

"సరిగ్గా చెప్పు."

"సరిగ్గానే చెప్పాను. ఏది కొట్టినా తెరుచుకుంటుంది." మళ్లీ నిద్రలోకి జారిపోయాడు.

ఇది మత్తు మాటో అసలు మాటో తెలీదు. నర్సు బల్ల మీది ఫోను తీసి అక్కయ్యకు చెప్పాను.

"ఏదో ఒకటి కొట్టడమేంటి? ఎర్రగా రాసింది కనపడుతూనే ఉందిగా."

"ఆయనే చెప్పాడు. కొట్టక్కా."

అవతల మీటలు టకటకలాడాయి. తర్వాత అక్కయ్య గొంతు ఫోనుకు దూరంగా, "మూడో వరుస, కింది అర, ఎడమ పక్క" అని కేకేసింది. సీసా దొరికిందని వాళ్లాయన అన్నది నాకూ వినపడింది.

"ఏం కొట్టావక్కా?"

"మీ మావయ్యను తిట్టిన తిట్టు. పెద్దవాళ్లున్న చోట చెప్పేది కాదులే."

మావయ్య లేచి కూర్చున్నాక నిలదీశాను. ఆ తాళం మొదటి నుంచీ ఉత్తదేనట. ప్రశ్న అడుగుతుంది, భయపెడుతుంది, ఏం చెప్పినా తెరుచుకుంటుంది. భయం కొద్దీ అందరూ సరైన మాటే వెతికి కొట్టారు గనక ఎవరికీ తెలియలేదు. దాన్ని బద్దలు కొట్టిన కుర్రాడి మాటొస్తే, "పాపం, లేని తాళం కోసం నిద్ర మానుకున్నాడు" అన్నాడు.

"మరి నిజం తాళం ఎందుకు వెయ్యలేదు?"

"కొన్నవాడి పుస్తకం ఎప్పుడో ఒకనాడు పోతుంది. ఎలకలు కొడతాయి, నీళ్లు పడతాయి. ఆ పూట వాడు బయట నిలబడాలా? వాడు నాకు డబ్బిచ్చిన మనిషి."

"అయితే ప్రశ్న దేనికి? ఊరికే ఏడిపించడానికా?"

మావయ్య దిండు సర్దుకున్నాడు. "ఒకడు కష్టపడి కొంటాడు. మర్నాడు బావమరిది వచ్చి ఒక్క కాపీ ఇవ్వు బావా అంటాడు. ఇవ్వడం ఇష్టం ఉండదు, కాదంటే చుట్టరికం చెడుతుంది. తాళం ఉందనుకో, నేను చెడ్డవాణ్ణవుతాను, వాడు మంచివాడుగానే ఉంటాడు. నేను తాళం వేసింది మొహమాటానికే. ఇది నీలోనే ఉంచుకో. జనం మీద నమ్మకం ఉందని తెలిస్తే నా పరువు పోతుంది."

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు నా కంప్యూటరు ఊరికే నన్ను అనుమానిస్తుంది. డబ్బు కట్టినా నువ్వు నువ్వేనా అంటుంది, కాదనిపిస్తే తలుపేసేస్తుంది. తిడదామంటే అవతల మనిషి ఉండడు. అలాంటప్పుడు ఆ సైకిళ్ల షాపు మీది గది గుర్తొస్తుంది.

ఆ వానల్లోనే, మావయ్య ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, ఆయనకు మాత్రలు కొనడానికి మందుల షాపుకు వెళ్లాను. అక్కయ్య మరిది కౌంటరు మీద ఖాళీ ఫ్లాపీలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్క ఊళ్లో షాపు పెడుతున్నాడట.

"ఒక్క కాపీ, వదినా."

"ఇవ్వకూడదనా నాయనా? దానికి పెద్ద తాళం. ఒక్క మాట తప్పితే లెక్కలన్నీ గంగలో కలుస్తాయి" అంటూ అక్కయ్య ఎంతో నొచ్చుకుంది.

అతను ఫ్లాపీలు జేబులో పెట్టుకున్నాడు. "అంత రాక్షసుడి దగ్గర ఎలా కొన్నారు వదినా?"

అక్కయ్య నా వైపు చూడకుండా మాత్రలు పొట్లం కడుతూ, "ఏం చేస్తాం, అలవాటైపోయాడు" అంది.