పెళ్లికాని పెర్పెతువా

మనీలాకి ఉత్తరాన ఉన్న మా బకార్రా ఊళ్లో పెర్పెతువా, లియోన్సియో పన్నెండేళ్లు కాపురం చేశారు. కూతురు పుట్టింది. పెళ్లి మాత్రం కాలేదు. అడ్డుపడింది పెద్దలు కాదు, సముద్రానికి అవతలున్న చట్టం.

రంగూ దేశమూ చూసి మనుషుల్ని వడకట్టే పాత పద్ధతిని కొట్టేసి, కుటుంబాలను కలుపుతామంటూ అమెరికా 1965లో చేసిన చట్టమది. దాని పుణ్యమా అనే పెర్పెతువా తండ్రి కాలిఫోర్నియా చేరాడు. ఇంగ్లీషు పరీక్ష తప్పి పౌరుడు కాలేకపోయాడు. పౌరుడు కాని తండ్రి పిలవగలిగేది పెళ్లికాని కూతుర్నే.

"ఉంగరం తొడిగించుకున్నావో, నా దరఖాస్తు చిత్తుకాగితమే!" అని ఫోనులో అరిచేవాడు.

ఏళ్ల తరబడి వీసా వరుస కదల్లేదు. పిల్ల జనన పత్రంలో తండ్రి గడి ఖాళీ. చర్చిలో పెర్పెతువా చివరి బల్ల మీద కూర్చునేది, పెళ్లి లేని కాపురం కనుక ప్రసాదానికి లేచేది కాదు. "ఏమ్మా కన్నెపిల్లా, అన్నం పెడతావా?" అని లియోన్సియో ఆటపట్టించేవాడు.

ఒక మార్చిలో అతను వెల్లుల్లి పీకుతూ చేలోనే కూలిపోయాడు. శవపేటిక చుట్టూ ఇంటివాళ్లు నిలబడి ఫోటో దిగడం మా ఆనవాయితీ. పరాయి దేశాల్లోని బంధువులకు అదే వెళ్తుంది. అతని అక్క ఫ్లోరెన్సియా పిలిచింది.

"రా, తలవైపు నిలబడు. నీ చోటు అదే."

"వద్దొదినా. ఎవడైనా ఆ ఫోటో ఎంబసీకి పంపితే?"

"శవంతో ఫోటో దిగినా పెళ్లయినట్టేనా మీ అమెరికాకి?"

"మీరు దిగండి."

"వాడు నీకేమవుతాడని జనం అడిగితే?"

"అద్దెకున్నాడని చెప్పు."

ఫ్లోరెన్సియా తుపుక్కున ఉమ్మి, తమ్ముడి తలవైపు తానే నిలబడింది. మొగుడు పోయినవాళ్లు వేసుకునే నల్ల ముసుగైనా వేసుకోకుండా పెర్పెతువా వంటింట్లో వచ్చినవాళ్లకు కాఫీ కలుపుతూ ఉండిపోయింది.

ఇలా ఎదిగిన పిల్లల్ని పిలిపించుకునే వీసా వరుసే ఎత్తేయాలని వాషింగ్టన్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు లేస్తుంటారు. ఆ మాట రేడియోలో వస్తే చాలు, మా ఊళ్లో పెళ్లికాని తల్లులు చెవులు రిక్కిస్తారు.

మరుసటేడు మనీలాలోని ఎంబసీ నుంచి పిలుపు వచ్చింది.

"పెళ్లయిందా?" అన్నాడు అధికారి.

"లేదండి."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

అందులో అబద్ధం లేదు. ముద్ర పడింది.

బయటికొచ్చాక కూతురు అడిగింది. "అమ్మా, అక్కడ నాన్న ఎవరని అడిగితే ఏం చెప్పాలి?"

"అడగరు" అంది పెర్పెతువా.